శబ్దం ఎక్కడ ఆగింది?



ఇంట్లో ఒక మూల కంప్యూటరు పెట్టుకుని, దానికి ఒక మైకు తగిలించి, తమ పాట తామే రికార్డు చేసుకునేవాళ్ళు ఇవాళ చాలామంది ఉన్నారు. సంగీతం చెప్పే టీచర్లు ఉన్నారు. మృదంగం నేర్చుకునే పిల్లలు ఉన్నారు. భజన బృందాల వాళ్ళు ఉన్నారు. వాళ్ళలో లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వాడుతున్నవాళ్ళతో, వాడదామని చూస్తున్నవాళ్ళతో కాసేపు మాట్లాడదామని వచ్చాను.

లినక్స్‌కు డబ్బు కట్టక్కర్లేదు. పాత కంప్యూటరు మీద కూడా నడుస్తుంది. ఆర్డోర్, ఆడాసిటీ, మ్యూజ్‌స్కోర్ లాంటి సాఫ్ట్‌వేర్లు దాంతోపాటే ఉచితంగా దొరుకుతాయి. ఇన్ని ఉన్నా చాలామంది మొదటి వారంలోనే వదిలేస్తారు. మైకు పెట్టారు, బటన్ నొక్కారు, శబ్దం లేదు. లేదా శబ్దం ఉంది, నడుమ చిటపటలు. ఇది మనవల్ల కాదులే అని మూసి పక్కన పెడతారు. అలా పక్కన పెట్టినవాళ్ళను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. చక్కగా పాడే మనిషి ఒక సెట్టింగు దగ్గర ఆగిపోవడం ఏమిటి?

అందుకని ఇవాళ ఒకే మాట చెప్పాలని ఉంది. మీరు సంగీతం తెలిసినవాళ్ళు. మీకు చెవి ఉంది. ఆ చెవితోనే కంప్యూటరు జబ్బును కూడా పట్టుకోవచ్చు. తప్పు ఎలా వినిపిస్తోందో దాన్నిబట్టి అది ఎక్కడుందో తెలుస్తుంది. అసలు శబ్దమే లేకపోతే ఒక చోట వెతకాలి. చిటపటలాడితే ఇంకో చోట. మన గొంతు మనకే ఆలస్యంగా వినిపిస్తే మరో చోట. శ్రుతి మారిపోతే వేరే చోట. కాబట్టి ముందు వినండి. విన్న తర్వాతే సెట్టింగుల మీద చెయ్యి వేయండి.

శబ్దం నడిచే దారి ఒకసారి చూద్దాం. ఇప్పుడు ఈ రేడియో స్టూడియోలో నా ముందు ఒక మైకు ఉంది. నా మాట నేరుగా ట్రాన్స్‌మిటర్‌కు పోవడం లేదు. అద్దం అవతల కంట్రోల్ రూములో ఇంజినీరు గారు ఉన్నారు. నా మాట, సిగ్నేచర్ ట్యూను, తర్వాత వచ్చే ప్రకటన, అన్నీ ఆయన బల్ల దగ్గర కలిసి ఒకటై బయటికి వెళ్తాయి. లినక్స్‌లో ఆ బల్ల దగ్గర కూర్చునేదాన్ని సౌండ్ సర్వర్ అంటారు.

అంటే దారిలో నాలుగు మజిలీలు ఉన్నాయి. అన్నిటికన్నా కింద సౌండ్ కార్డు. మీరు కొనుక్కున్న యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్ కూడా కార్డే. దాని పైన ఆల్సా. కార్డుతో నేరుగా మాట్లాడేది అదే. దాని పైన సర్వర్. అన్నిటికన్నా పైన మీరు రికార్డు చేసే సాఫ్ట్‌వేర్. మళ్ళీ చెబుతాను. కార్డు, ఆల్సా, సర్వర్, సాఫ్ట్‌వేర్. వెతకడం ఎప్పుడూ కింది నుంచి పైకి. చాలామంది పై నుంచి మొదలుపెడతారు. సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్ళీ వేస్తారు. కింద వైరు ఊడి ఉంటే పైన ఎన్నిసార్లు వేసినా పలకదు కదా.

ఈ మజిలీలకు ఒక కథ ఉంది. అది తెలిస్తే సగం చిక్కులు ఎందుకు వస్తాయో అర్థమవుతుంది. ఆల్సాను 1990ల చివర్లో యారోస్లావ్ కిసెలా అనే చెక్ దేశస్థుడు మొదలుపెట్టారు. కొన్నేళ్ళకు అది లినక్స్ కెర్నల్‌లో, అంటే దాని మూలభాగంలో, కలిసిపోయింది. తర్వాత పాల్ డేవిస్ అనే ఆయన ఆర్డోర్ రాస్తూ, దాని లోపలి ఇంజనులోంచే ఒక సర్వర్‌ను బయటికి తీశారు. దాని పేరు జాక్. హెడ్‌ఫోన్ పెట్టుకునే జాక్ వేరు, ఈ జాక్ వేరు. ఇది సంగీతకారుల కోసమే పుట్టిన సర్వర్. ఆలస్యం తక్కువ. ఒక సాఫ్ట్‌వేర్‌లో పుట్టిన శబ్దాన్ని ఇంకో సాఫ్ట్‌వేర్‌లోకి పంపవచ్చు. అటు మామూలు వాడుకకు, అంటే పాటలకు, వీడియోలకు, పల్స్‌ఆడియో అని ఇంకో సర్వర్ వచ్చింది. రెండూ మంచివే. చిక్కల్లా, ఉన్న ఒక్క కార్డునూ రెండూ నాదంటే నాదంటాయి. ఏళ్ళ తరబడి లినక్స్ మీద సంగీతం చేసినవాళ్ళు పడ్డ పాట్లలో చాలా భాగం ఈ తగవు వల్లే.

ఈ తగవు తీర్చడానికి వచ్చిందే పైప్‌వైర్. రెడ్ హ్యాట్ సంస్థలో పనిచేసే విమ్ టేమన్స్ దీన్ని మొదట వీడియో కోసం మొదలుపెట్టి, తర్వాత ఆడియోకు విస్తరించారు. జాక్ పనీ, పల్స్‌ఆడియో పనీ రెండూ ఇదే చేస్తుంది. 2021లో ఫెడోరా 34 అనే లినక్స్ రకం దీన్ని మామూలు ఆడియో సర్వర్‌గా పెట్టింది. ఇప్పుడు కొత్తగా లినక్స్ వేసుకుంటే చాలావరకు పైప్‌వైరే ఉంటుంది.

ఇక్కడ ఒక మాట గుర్తుపెట్టుకోండి. ఒక కార్డుకు ఒకే యజమాని. పైప్‌వైర్ ఉన్న కంప్యూటరులో, ఎక్కడో పదేళ్ళ కిందటి సలహా చదివి, అసలు జాక్‌ను కూడా పక్కనే నడిపితే ఇద్దరు యజమానులవుతారు. అప్పుడు డివైస్ బిజీ అని ఒక ఎర్రర్ వస్తుంది. కార్డు పాడైందని దానర్థం కాదు. వేరే ఎవరో దాన్ని పట్టుకుని ఉన్నారని అర్థం. కాబట్టి ఏ సలహా అయినా పాటించే ముందు అది ఏ ఏడాదిదో చూడండి. మీ దగ్గర ఉన్న సర్వర్ ఏదో చూడండి. చూడడం తేలికే. కాగితం, పెన్ను దగ్గర పెట్టుకోండి, అక్షరం అక్షరం చెబుతాను. టెర్మినల్, అంటే ఆజ్ఞలు టైపు చేసే కిటికీ, తెరిచి పి, ఎ, సి, టి, ఎల్ అని కొట్టండి. ఒక ఖాళీ వదలండి. తర్వాత ఐ, ఎన్, ఎఫ్, ఓ. అన్నీ చిన్న అక్షరాలే. వచ్చిన జవాబులో సర్వర్ నేమ్ అనే వరుస ఉంటుంది. అందులో పైప్‌వైర్ అన్న మాట కనిపిస్తే మీది పైప్‌వైర్.

ఇక జబ్బుల దగ్గరికి వద్దాం. మొదటిది నిశ్శబ్దం. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో ఎక్కువమందిది ఇదే.

మైకులో పాడుతున్నారు. తెర మీద గీత కదలడం లేదు. కింది నుంచి మొదలుపెడదాం. కంప్యూటరు ఆ కార్డును అసలు చూసిందా? దీనికి ఒక ఆజ్ఞ ఉంది. ఎ, ఆర్, ఈ, సి, ఓ, ఆర్, డి, ఒక ఖాళీ, ఒక చిన్న అడ్డగీత, చిన్న ఎల్. రికార్డు చేయగల కార్డులన్నీ వరుసగా కనిపిస్తాయి. మీ ఇంటర్‌ఫేస్ పేరు అందులో ఉంటే సమస్య పైన ఉంది. లేకపోతే కిందే ఉంది. సాఫ్ట్‌వేర్‌ను వదిలేసి వైరు చూడండి. ఫోన్ చార్జర్లతో వచ్చే కొన్ని యూఎస్‌బీ వైర్లలో చార్జింగ్ తీగలు మాత్రమే ఉంటాయి, సమాచారం వెళ్ళే తీగలు ఉండవు. అలాంటి వైరుతో ఇంటర్‌ఫేస్ లైటు వెలుగుతుంది, కంప్యూటరుకు మాత్రం అది కనిపించదు. లైటు వెలిగింది కదా అని మనం ఇంకెక్కడో వెతుకుతూ ఉంటాం. వైరు మార్చండి. నడుమ యూఎస్‌బీ హబ్ ఉంటే తీసేసి నేరుగా కంప్యూటరుకే పెట్టండి.

కొత్తగా ఇంటర్‌ఫేస్ కొనబోయేవాళ్ళకు ఒక మాట. క్లాస్ కంప్లయంట్ అని రాసి ఉన్నది కొనండి. అంటే యూఎస్‌బీ ఆడియోకు అందరూ ఒప్పుకున్న పద్ధతిలోనే పనిచేస్తుందని. తయారీదారు లినక్స్ కోసం విడిగా డ్రైవర్ ఇవ్వకపోయినా ఆల్సా దాన్ని సాధారణంగా గుర్తుపడుతుంది.

కార్డు కనిపించింది, అయినా శబ్దం లేదు. అప్పుడు ఆల్సామిక్సర్ తెరవండి. టెర్మినల్‌లో ఆ పేరే కొట్టాలి, నడుమ ఖాళీ లేకుండా. ముందు ఎఫ్ ఆరు మీట నొక్కి మీ కార్డును ఎంచుకోండి. ఈ మెట్టు మరిచిపోకండి. ఎఫ్ ఆరు నొక్కకపోతే ఒక్క మాస్టర్ పట్టీయే కనిపించవచ్చు, అసలు కార్డు దాని వెనక దాగి ఉంటుంది. కార్డు ఎంచుకున్నాక నిలువు పట్టీలు వస్తాయి. ఏ పట్టీ కిందైనా ఎమ్ ఎమ్ అని రెండు అక్షరాలుంటే దాని నోరు మూసి ఉన్నట్టు. అక్కడికి వెళ్ళి ఎమ్ మీట నొక్కితే తెరుచుకుంటుంది. ఎంత పెద్ద సమస్యో అనుకున్నది చాలాసార్లు ఈ ఒక్క మీటతో తీరిపోతుంది.

అదీ కాదంటే మైకును చూడండి. కండెన్సర్ మైకుకు 48 వోల్టుల ఫాంటమ్ పవర్ కావాలి. ఇంటర్‌ఫేస్ మీద 48 అని రాసిన చిన్న బటన్ ఉంటుంది. అది నొక్కి ఉందా?

రికార్డింగ్ అవుతోంది, వినడానికి మాత్రం ఏమీ రావడం లేదు. అప్పుడు శబ్దం వేరే కార్డుకు పోతోందేమో చూడండి. మానిటర్‌కో టీవీకో వెళ్ళే హెచ్‌డీఎమ్ఐ వైరు కూడా లినక్స్ లెక్కలో ఒక సౌండ్ కార్డే. శబ్దం అంతా స్పీకర్లు లేని మానిటర్‌కు పోతూ ఉంటుంది. సౌండ్ సెట్టింగుల్లో అవుట్‌పుట్ మారిస్తే చాలు. అక్కడ డమ్మీ అవుట్‌పుట్ అన్న ఒక్క పేరే కనిపిస్తే మాత్రం సర్వర్‌కు ఏ కార్డూ దొరకలేదని అర్థం. మళ్ళీ కింది మెట్టుకు దిగండి.

జాక్ వాడేవాళ్ళకు ఇంకో చిక్కు ఉంది. నిన్న బాగానే పలికింది. ఇవాళ కంప్యూటరు ఆన్ చేస్తే సర్వర్ మొదలవదు. ఎందుకు? కార్డులకు లినక్స్ సున్నా, ఒకటి, రెండు అని అంకెలు ఇస్తుంది. ఆ అంకెలు ఆన్ చేసినప్పుడల్లా మారవచ్చు. నిన్న ఒకటో నంబరులో ఉన్న మీ ఇంటర్‌ఫేస్ ఇవాళ రెండుకు పోయి ఉండవచ్చు. కాబట్టి సెట్టింగులో కార్డును అంకెతో పిలవకండి, పేరుతో పిలవండి. పేరు మారదు.

రెండో జబ్బు చిటపట. ఇది సంగీతకారుణ్ణి నిశ్శబ్దం కన్నా ఎక్కువ ఏడిపిస్తుంది. ఆలాపన గొప్పగా వస్తున్నప్పుడే టప్పుమని ఒక చప్పుడు. ఆ టేకు పోయినట్టే.

అసలు ఏం జరుగుతోంది? కంప్యూటరు శబ్దాన్ని ధారగా పంపదు. చిన్న చిన్న మోతాదులుగా పోగు చేసి పంపుతుంది. ఆ పోగును బఫర్ అంటారు. కార్డు ఒక పోగును వినిపిస్తూ ఉంటుంది. అది అయిపోయేలోగా ప్రాసెసర్ తర్వాతి పోగును సిద్ధం చేయాలి. ఒక్కసారి ఆలస్యమైతే అక్కడ ఖాళీ వస్తుంది. మన చెవికి ఆ ఖాళీయే చిటపట. లినక్స్ వాళ్ళు దీన్ని ఎక్స్‌రన్ అంటారు. పోగు చిన్నదైతే గడువు తక్కువ. పోగు పెద్దదైతే గడువు ఎక్కువ.

కాబట్టి చిటపట వినిపిస్తే మొదట బఫర్ పెంచండి. దాని కొలత నమూనాల్లో, అంటే శాంపిళ్ళలో, ఉంటుంది. 128 ఉంటే 256 చేయండి. చాలకపోతే 512. పెంచితే చిటపట పోయిందా? అయితే మీ కంప్యూటరు గడువు అందుకోలేకపోతోందన్నమాట. ఎందుకు అందుకోలేకపోతోందో తర్వాత నిదానంగా చూడవచ్చు. పైప్‌వైర్ ఉన్నవాళ్ళు టెర్మినల్‌లో పి, డబ్ల్యూ, అడ్డగీత, టి, ఓ, పి అని కొట్టండి. శబ్దంతో పనిచేస్తున్న ప్రతి సాఫ్ట్‌వేరూ ఒక వరుసలో కనిపిస్తుంది. ఈ, ఆర్, ఆర్ అనే నిలువు గడిలో అంకె పెరుగుతూ ఉంటే, ఆ వరుసలో ఉన్నదే గడువు తప్పుతోంది. బయటికి రావడానికి క్యూ నొక్కండి.

గడువు ఎందుకు తప్పుతుంది? ఒక కారణం అనుమతి. శబ్దం పని అన్ని పనుల కన్నా ముందు జరగాలని కంప్యూటరుకు చెప్పాలి. దీన్ని రియల్‌టైమ్ ప్రాధాన్యం అంటారు. జాక్ వాడేవాళ్ళు తమ యూజర్ పేరును ఆడియో అనే గ్రూపులో చేర్చుకోవాలి. ఆ గ్రూపుకు ప్రాధాన్యం ఇచ్చే ఫైలు కూడా ఉందో లేదో చూసుకోవాలి. చేర్చాక ఒకసారి లాగవుట్ అయి మళ్ళీ లాగిన్ అవ్వాలి. లేకపోతే మార్పు అమలు కాదు. ఇవన్నీ చేసుకునే ఓపిక లేనివాళ్ళకు ఉబుంటు స్టూడియో అనే లినక్స్ రకం ఉంది. ఈ ఏర్పాట్లు అందులో ముందే చేసి ఉంటాయి. సంగీతమే ముఖ్యమనుకునేవాళ్ళకు నేను అదే చెబుతాను.

ఇంకో కారణం కరెంటు పొదుపు. ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద ఉన్నప్పుడు ప్రాసెసర్ వేగం తగ్గించుకుంటుంది. వీడియో చూస్తే తేడా తెలియదు. రికార్డింగ్‌లో తెలుస్తుంది. పవర్ సెట్టింగులో పర్ఫార్మెన్స్ ఎంచుకోండి. రికార్డు చేసేంతసేపు వైఫై ఆపి చూడండి. కొన్ని ల్యాప్‌టాపుల్లో ఆ ఒక్క పనితోనే చిటపట ఆగిపోతుంది.

మూడో కారణం మన ఇళ్ళలో మామూలు. మైకు యూఎస్‌బీది. హెడ్‌ఫోన్ మాత్రం ల్యాప్‌టాప్ సాకెట్లో. అంటే వినేది ఒక కార్డు, వినిపించేది ఇంకో కార్డు. ప్రతి కార్డుకూ లోపల తన సొంత గడియారం ఉంటుంది. రెండు గడియారాలు ఎప్పుడూ సరిగ్గా ఒకే వేగంతో నడవవు. కాసేపటికి తేడా పోగుపడుతుంది, చిటపట వస్తుంది. పైప్‌వైర్ ఈ తేడాను సర్దడానికి చూస్తుంది. పాత జాక్ అయితే ఒకే కార్డును ఆశిస్తుంది. చాలా యూఎస్‌బీ మైకులకు వాటి మీదే హెడ్‌ఫోన్ సాకెట్ ఉంటుంది. అందులోనే పెట్టుకోండి.

ఒక ముఖ్యమైన మాట చెబుతాను. ఒకసారికి ఒకటే మార్చండి. బఫర్, వైఫై, పవర్, మూడూ ఒకేసారి మార్చేస్తే చిటపట పోవచ్చు, కానీ దేనివల్ల పోయిందో తెలియదు. వచ్చే వారం తిరిగొస్తే మళ్ళీ మొదటికే వస్తారు. ఒకటి మార్చండి, వినండి. తర్వాతే రెండోది.

మూడోది ఆలస్యం. బఫర్ పెంచితే చిటపట పోతుంది, కానీ గొంతు హెడ్‌ఫోన్‌లో వెనకబడి వినిపిస్తుంది. తాళం తప్పుతుంది. పైప్‌వైర్ మామూలుగా 1024 నమూనాల పోగుతో, సెకనుకు 48,000 నమూనాలతో నడుస్తుంది. అంటే ఒక్కో పోగుకు దాదాపు 21 మిల్లీసెకన్లు. లోపలికి ఒకసారి, బయటికి ఒకసారి, పైన ఇంకొంత. వేదిక మీద మీకు మూడున్నర మీటర్ల దూరంలో ఉన్న మృదంగం శబ్దం మీ చెవికి చేరడానికి 10 మిల్లీసెకన్లు పడుతుంది. దానికి మనం అలవాటు పడి ఉన్నాం. అంతకు ఎన్నో రెట్లు పెరిగితే పాడడం కష్టం.

కానీ గాయకులకు ఒక మంచి మార్గం ఉంది. ఇది ఎక్కువమందికి తెలియాలని నా కోరిక. చాలా ఇంటర్‌ఫేసుల మీద డైరెక్ట్ మానిటర్ అని ఒక మీట ఉంటుంది. అది వేస్తే మీ గొంతు కంప్యూటరులోకి వెళ్ళి తిరిగి రానక్కర్లేదు. ఇంటర్‌ఫేస్ నుంచే నేరుగా మీ చెవికి వస్తుంది. అప్పుడు బఫర్ ఎంత పెద్దదైనా ఫరవాలేదు. డైరెక్ట్ మానిటర్ వేసుకోండి, సాఫ్ట్‌వేర్‌లో మానిటరింగ్ తీసేయండి, లేకపోతే గొంతు రెండుసార్లు వినిపిస్తుంది. బఫర్ 1024 పెట్టుకుని హాయిగా పాడండి. చిటపటా లేదు, ఆలస్యమూ లేదు. చిన్న బఫర్ కావలసింది కీబోర్డు నొక్కి కంప్యూటరులోని వాయిద్యాన్ని పలికించేవాళ్ళకు. వాళ్ళకు మరో దారి లేదు. పాడేవాళ్ళకు ఉంది.

బ్లూటూత్ హెడ్‌ఫోన్‌తో మాత్రం రికార్డు చేయకండి. దాని ఆలస్యం ఏ సెట్టింగుతోనూ పోదు. పైగా దాని మైకు కూడా వాడబోతే, అది ఫోన్ మాటల పద్ధతిలోకి మారి తంబూరా కూడా పాత టెలిఫోనులో విన్నట్టు ఉంటుంది.

నాలుగోది శ్రుతి మారడం. ఇది అరుదు, కానీ వింటే భయమేస్తుంది. ఒకటి శ్రుతిలో పాడిన కీర్తన, తిరిగి వింటే ఒకటిన్నరకూ రెండుకూ నడుమ ఎక్కడో పలుకుతుంది. కాలం కూడా వేగం పెరిగి ఉంటుంది. గొంతు సన్నబడుతుంది. సంగీతం తెలిసినవాళ్ళు ఆ క్షణంలోనే పట్టేస్తారు. కారణం ఒకటే. సెకనుకు 44,100 నమూనాలతో రికార్డు చేసినదాన్ని 48,000 వేగంతో వినిపించారు. కార్డు ఒక అంకెలో, ప్రాజెక్టు ఇంకో అంకెలో ఉన్నాయి. రెండు చోట్లా ఒకే అంకె పెట్టండి. మొదటి పాట రికార్డు చేయకముందే పెట్టండి. పాత ఫైలేమీ పాడవలేదు, కంగారు పడకండి. సరైన అంకెతో తెరిస్తే అదే శ్రుతిలో పలుకుతుంది.

గుయ్‌మనే హమ్ వినిపిస్తే అది లినక్స్ పని కాదు. ల్యాప్‌టాప్ చార్జర్ పీకి ఒక నిమిషం వినండి. హమ్ పోతే తప్పు ఎర్తింగ్‌లోనో చార్జర్‌లోనో ఉంది. మూడు పిన్నుల ప్లగ్గు, సరైన ఎర్త్ ఉన్న సాకెట్, ఇంటర్‌ఫేసూ ల్యాప్‌టాపూ ఒకే బోర్డు మీద. ఇవి చూసుకోండి.

ఇవన్నీ చేసినా పలకకపోతే సాయం అడగండి. ఈ సర్వర్లు రాసినవాళ్ళు, ఏళ్ళుగా వాడుతున్నవాళ్ళు ఎంతో ఓపికగా జవాబిస్తారు. నాకు ఆడియో రావడం లేదు అని మాత్రం అడిగితే వాళ్ళేమీ చెప్పలేరు. ఏ లినక్స్, ఏ వెర్షన్ అన్నది రాయండి. సర్వర్ ఏది, కార్డు పేరేమిటి, బఫర్ ఎంత, సెకనుకు ఎన్ని నమూనాలు అన్నది రాయండి. అన్నిటికన్నా ముందు, మీ చెవికి ఏం వినిపిస్తోందో రాయండి. నిశ్శబ్దమా, చిటపటా, ఆలస్యమా, శ్రుతి భేదమా. పలికిన రోజున కూడా ఆ అంకెలు ఒక కాగితం మీద రాసి కంప్యూటరు పక్కనే అంటించుకోండి. రికార్డింగ్ ఉన్న రోజు పొద్దున సిస్టమ్ అప్‌డేట్ అడిగితే, పాట అయిపోయాక చేద్దామని ఆపండి.